చదవలేని లిపిని గుర్తు గుర్తుగా ఎత్తిరాసిన డాక్టరు

క్లుప్తంగా: ఫ్రెంచ్ వైద్యుడు పాల్ ఎమీల్ బొట్టా 1843లో ఖొర్సాబాద్ దిబ్బలో అస్సీరియా రాజు సర్గోను కట్టించిన భవనాన్ని బయటపెట్టాడు. ఆ ఊరి పేరు విషయంలో పొరబడ్డాడు. శాసనాలను మాత్రం, వాటిలో ఏముందో తెలియని దశలోనే, ఎంత నమ్మకంగా ఎత్తిరాశాడంటే క్యూనిఫాం అనే మేకు ఆకారపు గీతల లిపిని చదవడానికి ఆ నకళ్లే దారి వేశాయి. వైద్యం, ప్రకృతి శాస్త్రం నేర్పిన అలవాట్లకూ ఈ పనికీ ఉన్న సంబంధమే ఈ వ్యాస విషయం.

2023 అక్టోబరులో ఉత్తర ఇరాక్‌లోని ఖొర్సాబాద్‌లో పురావస్తు బృందం ఒక రెక్కల ఎద్దు విగ్రహాన్ని మట్టిలోంచి బయటికి తీసింది. బరువు సుమారు 18 టన్నులు. తల లేదు. 1990లలో దొంగలు కోసుకుపోయిన ఆ తల తర్వాత దొరికి, ఇప్పుడు బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియంలో ఉంది.

ఈ చోటు గురించి చదవబోతే మూడు పేర్లు ఎదురవుతాయి: ఖొర్సాబాద్, దూర్ షర్రుకిన్, నీనెవె. మొదటి రెండూ ఒకే ఊరివి. ఒకటి ఇటీవలి పల్లె పేరు, ఇంకొకటి 2,700 ఏళ్ల నాటి నగరం పేరు. మూడోది సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, మోసుల్‌కు ఎదురుగా టైగ్రిస్ నది అవతలి ఒడ్డున ఉన్న వేరే నగరం. తెలుగు బైబిలు చదివేవారికి యోనా కథలో తెలిసిన నీనెవె అదే. ఈ పేర్లు కలగాపులగం కావడానికి మూలం ఇక్కడ మొదట తవ్వించిన బొట్టాయే.

ఓడ డాక్టరు, పిట్టల చీటీలు

బొట్టా 1802 డిసెంబరు 6న ట్యూరిన్‌లో పుట్టాడు. తండ్రి కార్లో బొట్టా కూడా వైద్యం చదివి చరిత్రకారుడైనవాడే. కుటుంబం ఫ్రాన్స్‌లో స్థిరపడింది. కొడుకు అక్కడే వైద్యం చదువుతూ 1826లో ల హావ్ర్ రేవులో 'ల ఎరో' అనే వాణిజ్య నౌకలో డాక్టరుగా ఎక్కాడు. కాలిఫోర్నియా, హవాయి, చైనా తిరిగి 1829లో ఓడ ఇల్లు చేరింది. ఆ ఏడాదే పారిస్‌లో అతను వైద్య పట్టా కోసం సమర్పించిన పరిశోధన వ్యాసం నల్లమందు పొగ తాగే అలవాటు మీద. చైనా రేవుల్లో చూసినదాన్ని అలా శాస్త్రంగా మార్చాడు. ఆ అలవాటు అతనికీ అంటుకుందని, మోసుల్‌లో అతన్ని కలిసిన ఆంగ్లేయుడు ఆస్టిన్ హెన్రీ లేయార్డ్ తర్వాత రాశాడు.

ఆ ప్రయాణంలో బొట్టా చేసిన రెండో పని నమూనాలు సేకరించడం. అప్పట్లో ఓడ డాక్టరంటే సగం ప్రకృతి శాస్త్రవేత్త కిందే లెక్క. పిట్టను కొట్టి, తోలు ఒలిచి, పురుగు పట్టకుండా లోపలివైపు పాషాణం కలిపిన సబ్బు పూసి, దూది కూరి, ఎక్కడ దొరికిందో చీటీ రాసి కట్టాలి. చీటీ ఊడిపోతే ఆ పిట్ట శాస్త్రానికి పనికిరాదు. పిట్ట పేరు సేకరించినవాడికి తెలిసి ఉండక్కరలేదు. పేరు పెట్టడం పారిస్‌లో కూర్చున్నవారి పని. బొట్టా కాలిఫోర్నియా నుంచి తెచ్చిన వాటిలో ఒక హమ్మింగ్‌బర్డ్‌కూ, నేల మీద పరుగులు తీసే కోకిల జాతి పక్షికీ 1829లో పేర్లు పెట్టినవాడు ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త రెనె లెసన్. బొట్టా పేరు ఒక బొరియ ఎలుకకూ, ఒక పాముకూ ఇప్పటికీ శాస్త్రీయ నామాల్లో ఉంది.

పేరు తెలియని వస్తువునైనా ఉన్నదున్నట్టు భద్రపరచి, ఇంకొకరు తేల్చగలిగేలా అప్పగించడం. ఈ క్రమశిక్షణే పదిహేనేళ్ల తర్వాత రాతి మీది గీతల దగ్గర పనికొచ్చింది.

తర్వాత అతను ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ కొలువులో వైద్యుడిగా చేరి సూడాన్‌లోని సెన్నార్ దాకా వెళ్లాడు. పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం కోసం మొక్కలు సేకరించడానికి యెమెన్ తిరిగాడు. అరబ్బీ వచ్చు, ఎండకు అలవాటుపడ్డాడు, జ్వరాల గురించి తెలుసు. 1842లో ఫ్రాన్స్ అతన్ని మోసుల్‌లో కాన్సులుగా, అంటే తమ వ్యాపారుల బాగోగులు చూసే ప్రభుత్వ ప్రతినిధిగా, నియమించింది. మోసుల్‌లో చెప్పుకోదగ్గ ఫ్రెంచ్ వ్యాపారం లేదు. దిబ్బలు మాత్రం ఉన్నాయి. వాటిని తవ్వించమని వెనక నుంచి ప్రోత్సహించినవాడు పారిస్‌లోని ఆసియా పరిశోధన సంఘం కార్యదర్శి జూలియస్ మోల్.

కుయుంజిక్‌లో దొరకనిది ఖొర్సాబాద్‌లో ఎలా దొరికింది

1842 డిసెంబరులో బొట్టా మోసుల్ ఎదురుగా ఉన్న కుయుంజిక్ దిబ్బలో పని మొదలుపెట్టాడు. మూడు నెలలు తవ్వించినా విరిగిన ఇటుకలు, రాతి ముక్కలు తప్ప ఏమీ రాలేదు. అసలు నీనెవె అదే. సరైన చోట గునపం వేసినా దొరకకపోవడానికి కారణం లోతు.

ఊళ్ల పక్కన పాటిదిబ్బలు చూసినవారికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. మట్టిగోడల ఇల్లు కూలితే చదును చేసి మళ్లీ అక్కడే కడతారు. వందల ఏళ్లు అలా సాగితే నేల పైకి లేస్తుంది. కుయుంజిక్ మీద అస్సీరియన్ల తర్వాత కూడా జనం శతాబ్దాల పాటు కాపురమున్నారు. రాజభవనం గోడలు దాదాపు 6 మీటర్ల మట్టి కింద ఉన్నాయి. బొట్టా గుంటలు అంత లోతుకు దిగలేదు. 1847లో లేయార్డ్ అదే దిబ్బలో పచ్చి ఇటుకల అరుగు తగిలేదాకా దించి, అక్కడి నుంచి గోడల వెంట తవ్వించాడు; సర్గోను కొడుకు సన్హెరీబు భవనం బయటపడింది.

ఖొర్సాబాద్ కథ వేరు. సర్గోను కొత్త రాజధానిగా కట్టించిన ఈ నగరం క్రీ.పూ. 706లో ప్రారంభమైంది. మరుసటి ఏడాదే రాజు యుద్ధంలో చనిపోయాడు, కొడుకు సన్హెరీబు రాజధానిని నీనెవెకు మార్చేశాడు. పైన పేరుకున్న పొరలు తక్కువ కాబట్టి రాతి పలకల తలలు పల్లె ఇళ్ల పునాదులకు కాస్త కిందే ఉన్నాయి. బట్టలకు రంగులద్దే ఖొర్సాబాద్ మనిషి ఒకడు, తమ ఊళ్లో కొలిమికి వాడుకునే ఇటుకల మీద ఇలాంటి రాతలే ఉంటాయని బొట్టాకు చెప్పాడు. అలాంటి కబుర్లు రోజూ వచ్చేవే కనుక బొట్టా వెంటనే కదల్లేదు. 1843 మార్చి 20న కొందరు కూలీలను పంపాడు. కొద్ది రోజుల్లోనే శిల్పాలు చెక్కిన పలకల వరస తగిలింది.

అడ్డంకులు నేల పైనుంచి వచ్చాయి. దిబ్బ మీద పల్లె ఉంది. ఇళ్లు కొని, జనాన్ని కింద మైదానంలోకి మార్చితే తప్ప ముందుకు సాగదు. మోసుల్ గవర్నరు మొహమ్మద్ పాషాకు అక్కడేదో నిధి ఉందన్న అనుమానం. బొట్టా బస కోసం వేయించిన ఇంటిని కోట అని ఇస్తాంబుల్‌కు రాసి, 1843 అక్టోబరులో పని ఆపించాడు. చుట్టుపక్కల చిత్తడి నేల వల్ల జ్వరాలు కూడా తోడయ్యాయి. సుల్తాను అనుమతి పత్రంతో చిత్రకారుడు యూజీన్ ఫ్లాందిన్ వచ్చింది 1844 మేలో. ఆ మే నుంచి అక్టోబరు దాకానే అసలు తవ్వకం, సుమారు 300 మంది కూలీలతో. వారిలో చాలామంది కొండ ప్రాంతాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన నెస్టోరియన్ క్రైస్తవులు.

కాలిన రాయి

తొందరకు ఇంకో కారణం రాయి స్వభావం. అస్సీరియన్ శిల్పాలు చెక్కింది మోసుల్ పాలరాయి అని పిలిచే జిప్సం మీద. గోటితో గీసినా గీత పడేంత మెత్తన. అందుకే గడ్డంలో ఒక్కొక్క ఉంగరాన్నీ విడిగా చెక్కగలిగారు. ఆ మెత్తదనమే దాని బలహీనత కూడా. జిప్సంలో నీరు రసాయనికంగా కట్టుబడి ఉంటుంది. 120 నుంచి 150 డిగ్రీల వేడి తగిలితే అందులో చాలా భాగం ఆవిరై, మిగిలేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పిండి. వేడి ఇంకా పెరిగితే మిగతా నీరూ పోతుంది.

ఖొర్సాబాద్ భవనంలో చాలా భాగం ఎప్పుడో తగలబడింది. దేవదారు దూలాల పైకప్పు మండి గోడల మధ్య కూలింది. ఆ వేడికి పలకలు పైపైన రూపు చెడకుండానే లోపల పిండైపోయాయి. చుట్టూ మట్టి ఒత్తిపట్టి ఉన్నంతకాలం నిలబడ్డాయి. మట్టి తీసి ఎండా గాలీ తగలగానే పెచ్చులూడాయి. బొట్టా పలకలకు కర్రల ఆసరా పెట్టించినా కొన్ని గీసేలోగానే రాలిపోయాయి. వాన కూడా శత్రువే: లీటరు నీటిలో సుమారు 2 గ్రాముల జిప్సం కరుగుతుంది, కాబట్టి ఒక్క చలికాలం చాలు, చెక్కడం అంచులు అరిగిపోవడానికి.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి పోలిక అమరావతి స్తూపం. అక్కడిది సున్నపురాయి, 800 డిగ్రీలు దాటితే తప్ప సున్నం కాదు. ఆ వేడి ప్రమాదవశాత్తూ తగల్లేదు, సున్నపు బట్టీల్లో మనుషులే పెట్టారు. కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి చూసి, 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చేసరికి చాలా పలకలు మాయమయ్యాయి. వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది 1845లో, అంటే ఖొర్సాబాద్ పని ముగిసిన మరుసటి ఏడాది. రెండు చోట్లా పోయిన పలకలకు ఇప్పుడు మిగిలినవి ఆనాడు గీసిన బొమ్మలే.

642 గుర్తులు

బొట్టా పనిలో అన్నిటికంటే విలువైనది శిల్పం కాదు, రాత. చరిత్ర పుస్తకాలు రెక్కల ఎద్దుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాయి. ఆ ఎద్దుల కాళ్ల మధ్య, పలకల నడుమ, గడపరాళ్ల మీద, గోడకు ఆనుకుని ఎవరికీ కనపడని పలకల వెనకవైపున కూడా శాసనాలున్నాయి. 1843లో వాటిని చదవగలిగిన మనిషి ప్రపంచంలో లేడు.

ఈ లిపి ఎందుకంత కష్టమో తెలుగు గుణింతంతో పోల్చి చూడవచ్చు. క, కి, కు మూడింటిలోనూ క ఆకారం కనిపిస్తుంది. ఒకటి తెలిస్తే మిగతావి ఊహించవచ్చు. అస్సీరియన్ రాతలో క, కి, కు అనే ధ్వనులకు ఒకదానితో ఒకటి పోలికలేని మూడు గుర్తులు. అక్, ఇక్, ఉక్‌లకు వేరే మూడు. కల్, సర్ లాంటి, రెండు హల్లుల మధ్య అచ్చు ఉన్న ధ్వనులకు మళ్లీ వేరు. ఇవి చాలవన్నట్టు మాట మొత్తాన్ని ఒక్క గుర్తుతో రాసే పద్ధతి కూడా ఉంది.

బొట్టాకు కలిసొచ్చింది రాజుల పునరుక్తి. బిరుదులు, జయించిన దేశాల పేర్లు గది గదిలోనూ దాదాపు అవే మాటల్లో మళ్లీ మళ్లీ చెక్కించారు. ఒకే పాఠం ఉన్న రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి, గుర్తుకు గుర్తు సరిచూస్తూ పోతే ఎక్కడో ఒకచోట అటూ ఇటూ అంతా ఒకటే, మధ్యలో ఒక్క గుర్తు మాత్రం వేరుగా ఉంటుంది. ఒక్కసారే కనిపిస్తే చెక్కినవాడి పొరపాటో ఎత్తిరాసినవాడి పొరపాటో కావచ్చు. పదిచోట్ల అదే మార్పు కనిపిస్తే ఆ రెండు గుర్తులూ ఒకదాని బదులు ఒకటి వాడదగ్గవన్న మాట. వైద్యంలో రోగ లక్షణాలను సరిచూసే తీరు కూడా ఇదే: ఒక్క రోగిలో కనిపించింది యాదృచ్ఛికం కావచ్చు, పదిమందిలో కనిపిస్తే పట్టించుకోవాలి.

ఉదాహరణకు ఒక నకలులో '5 ఊళ్లు', ఇంకో నకలులో 'ఐదు ఊళ్లు' అని ఉందనుకుందాం. తెలుగు రాని మనిషి కూడా రెండూ సరిచూసి 5కూ ఐదుకూ అర్థం ఒకటేనని పట్టుకోగలడు, ఎలా పలకాలో తెలియకపోయినా. బొట్టా సరిగ్గా అక్కడిదాకా వచ్చాడు. పర్షియా రాజుల మూడు భాషల శాసనాల్లో మూడో వరస రాతా, ఖొర్సాబాద్ రాతా ఒకే కుటుంబమని చూపించాడు. పాత పర్షియన్ వరస అప్పటికే కొంత చదవగలుగుతున్నారు కాబట్టి, దాని సాయంతో 'రాజు', 'దేశం' లాంటి మాటలు ఎక్కడున్నాయో గుర్తించాడు. ఆ పరిశీలన 1847, 1848లలో ఆసియా సంఘం పత్రికలో వచ్చింది. అందులో 642 గుర్తులను పట్టికగా వేసి, ఏది దేనికి బదులుగా వస్తుందో చూపాడు.

ఆ సంఖ్య కూడా ఒక సాక్ష్యమే. ఇరవై ముప్ఫై గుర్తులుంటే ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం అనుకోవచ్చు. వందల్లో ఉంటే అది మన గుణింతం లాంటి అక్షర ధ్వనులూ, పూర్తి మాటల గుర్తులూ కలిసిన రాతే అయివుండాలి.

ఎత్తిరాసే పనిలో పొరపాటు ఎంత సులువో ఒక జత గుర్తుల్లో చూడవచ్చు. కొక్కెం ఆకారపు నొక్కుళ్లు రెండు పక్కపక్కన ఉంటే 20 అనే అంకె. అదే గుర్తు 'రాజు' అన్న మాటకూ వాడతారు. మూడుంటే 30, అది నెలకు ముప్ఫై రోజుల లెక్కన చంద్ర దేవుడు సిన్ పేరు. రాయి పెచ్చు ఊడి ఒక కొక్కెం పోయినా, నీడ చూసి లేని కొక్కెం వేసినా రాజు దేవుడవుతాడు, దేవుడు రాజవుతాడు. అర్థం తెలిసినవాడు సందర్భం చూసి సరిదిద్దుకుంటాడు. అర్థం తెలియని బొట్టాకు ఆ అవకాశం లేదు. తనకు నచ్చిన అర్థం వైపు గీతను లాగే ప్రలోభమూ లేదు. ఆ నకళ్లకు విలువ తెచ్చింది ఈ రెండో సంగతే.

ఈ పద్ధతితో తేలని విషయమూ ఉంది. అస్సీరియన్ రాతలో ఒకే గుర్తుకు చాలా ఉచ్చారణలుంటాయి. కొండ, దేశం అనే అర్థాలిచ్చే గుర్తును సందర్భాన్ని బట్టి కుర్ అనీ, మత్ అనీ, షద్ అనీ చదవాలి. గుర్తులను జతలుగా పేర్చినంత మాత్రాన ఇది బయటపడదు. భాష ఏమిటో, అది అరబ్బీ, హీబ్రూలకు ఎలా చుట్టమో తెలియాలి. ఆ మెట్టు ఎక్కినవారు ఐర్లండ్ పాస్టరు ఎడ్వర్డ్ హింక్స్, పర్షియాలో బెహిస్తున్ కొండ మీది మూడు భాషల శాసనాన్ని ప్రచురించిన హెన్రీ రాలిన్‌సన్. 1857లో లండన్‌లోని రాయల్ ఆసియాటిక్ సొసైటీ పరీక్ష పెట్టింది. అప్పటికి ఎవరూ అనువదించని ఒకే శాసనాన్ని హింక్స్, రాలిన్‌సన్, టాల్బట్, ఓపెర్ విడివిడిగా అనువదించి, సీలు వేసిన కవర్లలో అందజేశారు. నాలుగూ ముఖ్యమైన చోట్ల కలిశాయి. లిపి చదవగలమని లోకం నమ్మింది అప్పుడే.

పేరు తప్పింది ఎక్కడ

బొట్టా, ఫ్లాందిన్‌ల కృషి 1849, 1850లలో ఫ్రెంచ్ ప్రభుత్వ ఖర్చుతో ఐదు పెద్ద సంపుటాలుగా అచ్చయింది. మొదటి రెండు కట్టడాలు, శిల్పాలు, మూడు, నాలుగు శాసనాలు, ఐదోది వివరణ. పుస్తకం పేరులోనే నీనెవె అని ఉంది. ఇంత పెద్ద రాజభవనం ఇంకెవరిదవుతుందన్న ఊహ దానికి ఆధారం. విచిత్రమేమిటంటే ఆ పొరపాటును పట్టించే ముక్క అప్పటికే బయటికొచ్చింది. 1847లో లూవ్ర్ మ్యూజియానికి చెందిన అద్రియాన్ ద లాంగ్‌పెరియె, బొట్టా పోల్చి చూపిన గుర్తుల ఆధారంగానే, ఖొర్సాబాద్ శాసనంలో 'సర్గోను, అష్షూరు దేశపు రాజు' అన్న మాటలను చదివాడు. బైబిలులో ఆ రాజు పేరు ఒక్కచోటే, యెషయా 20వ అధ్యాయంలో వస్తుంది. అసలు అలాంటి రాజున్నాడా అని సందేహించినవారూ ఉన్నారు.

రాజెవరో తెలిసినా ఊరేదో తేలడానికి ఇంకొంత కాలం పట్టింది. గునపం పట్టినవాడు పెట్టిన పేరు పుస్తకం అట్ట మీద ఉండిపోయింది. పిట్టల విషయంలో పేరును ఇతరులకు వదిలిన మనిషి, నగరం విషయంలో ఆ సంయమనం పాటించి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు.

ఇరుసులు, తోలు తిత్తులు

ఎద్దులు 4 మీటర్లకు మించిన ఎత్తు. వాటికి ఐదు కాళ్లు: ఎదురుగా చూస్తే రెండు నిలబడి, పక్కనుంచి చూస్తే నాలుగు నడుస్తూ కనపడాలని. ఖొర్సాబాద్ నుంచి నది దాకా వీటిని లాగడానికి బండి కావాలి. మోసుల్‌లో అంత బరువుకు ఆగే ఇరుసులు చేసే కొలిమి లేక, ఆ ఏర్పాటూ బొట్టాయే చేయించుకోవాల్సి వచ్చింది. వాన పడితే ఒండ్రునేలలో చక్రాలు దిగబడతాయి; వాన రాకపోతే టైగ్రిస్‌లో నీరు చాలదు. బరువు తగ్గించడానికి రాయిని ముక్కలుగా కోయడం అప్పటి మార్గం. సర్గోను కోట గుమ్మంలోని ఒక జత ఎద్దులు అలా ముక్కలుగానే లండన్ చేరాయి.

నదిలో ప్రయాణం కెలెక్ అనే తెప్పల మీద. గాలి ఊదిన మేకతోలు తిత్తుల వరసల మీద దుంగలు కడతారు. 30 లీటర్ల గాలి పట్టే తిత్తి దాదాపు 30 కిలోలు తేల్చగలదు. 10 టన్నుల సరుకుకు 330కి పైగా తిత్తులు కావాలి, తెప్ప సొంత బరువు కాక. తిత్తులు మెల్లగా గాలి వదులుతాయి కనుక దారిలో మళ్లీ మళ్లీ ఊదాలి. దిగువకు చేరాక దుంగలు అమ్మేసి, తిత్తులు మడిచి గాడిదల మీద వెనక్కి తెచ్చుకుంటారు. బొట్టా సరుకు బాస్రా చేరి, 'కార్మొరాన్' ఓడలో 1846 డిసెంబరులో ఫ్రాన్స్ తీరం తాకింది. 1847 మే 1న లూవ్ర్‌లో అస్సీరియన్ గదులు తెరిచారు.

అందరికీ అలా కలిసిరాలేదు. బొట్టా తర్వాత ఖొర్సాబాద్‌లో తవ్వించిన విక్టర్ ప్లాస్ సరుకు 1855 మేలో కుర్నా దగ్గర దోపిడీ దాడిలో మునిగింది. 200కి పైగా పెట్టెలు నది పాలయ్యాయి.

తర్వాత

1848 తర్వాత బొట్టాకు జెరూసలేంలోనూ, ఆపై లిబియాలోని ట్రిపోలీలోనూ కాన్సులు ఉద్యోగాలు దక్కాయి. మళ్లీ మెసొపొటేమియాలో తవ్వలేదు. 1870 మార్చి 29న పారిస్ సమీపంలోని అషెర్‌లో చనిపోయాడు.

ఖొర్సాబాద్‌లో వదిలేసిన పలకల్లో చాలావాటికి ఇప్పుడు ఆనవాలు లేదు. కొన్ని ఎండకు పొడి అయ్యాయి, కొన్ని వానకు కరిగాయి. సర్గోను దండయాత్రల వివరాలను ఈనాటి పండితులు సంపాదకత్వం వహించి ప్రచురించేటప్పుడు, రాయి లేని చోట బొట్టా మూడు, నాలుగు సంపుటాల్లోని నకలునే మూలంగా తీసుకుంటారు. గీత సందేహంగా ఉంటే తిరిగి చూడటానికి రాయి లేదు. ఆ పేజీయే ఉంది.